గొడుగు సారు స్పీడ్ బ్రేకర్

సూర్యాపేట: దారం ముడి

నవీన్ తన కారును కిందికి దించాలనుకున్నది సోకు కోసం కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే మా ప్రయాణమంతా కుర్రకారు సరదాలా కనిపిస్తుంది.

నవీన్ నా భార్య సుజాతకు అన్న కొడుకు. సూర్యాపేటలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాడు. వాళ్లమ్మ అనసూయమ్మను నేను అక్క అంటాను. ఆమె పుట్టిన ఊళ్లో బోరు నీళ్ల నిండా ఫ్లోరైడ్. చిన్నప్పుడు తాగిన ఆ నీళ్లు వయసు మళ్లాక వెన్నులోకి వచ్చి కూర్చున్నాయి. నడుము వంగదు, మెడ తిరగదు, కాలు జానెడుకు మించి పైకి లేవదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఎముక సుద్దముక్కలా అయిందనీ, ఒక్క గట్టి కుదుపు చాలు మంచాన పడడానికనీ డాక్టర్ చెప్పాడు.

బావ, అంటే సుజాత అన్న, ఉన్నన్నాళ్లూ ఆమె కారెక్కడానికి ఒక పద్ధతి ఉండేది. ఆయన తలుపు తెరిచి, చేతిలో గొడుగును కారు టాపు మీద పెట్టి, ఒంగి, రెండు చేతులతో ఆమె పాదం ఎత్తి లోపల పెట్టేవాడు. హిందీ పంతులుగా రిటైరైన మనిషి. బజారులో నలుగురూ చూస్తున్నా సంకోచించేవాడు కాదు. ఎండ లేకపోయినా, వాన లేకపోయినా, పిడికి సైకిలు ట్యూబు చుట్టిన ఆ నల్ల గొడుగు ఆయన వెంట ఉండేది.

నాలుగేళ్ల కిందట, వడ్ల కాలంలో, నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడ పోయే దారిలో లారీ తగిలి బావ చనిపోయాడు. పాత శిష్యుడి గృహప్రవేశానికి బయలుదేరి, ఒక స్టాపు ముందే బస్సు దిగి నడుస్తున్నాడట. మాకు తెలిసింది అంతే.

ఆ తర్వాత అక్క ఇల్లు దాటలేదు. నవీన్ ఒంగి కాలు ఎత్తబోతే ఒప్పుకోలేదు. ఆ పని ఒక్క మనిషిదేనని ఆమె పట్టు. పీట వేస్తే ఒకసారి జారింది. చిన్న కారు తెచ్చి చూశారు. దాని సీటు మరీ కిందికి ఉండి, కూర్చున్న మనిషి లేవలేకపోయింది. ఈసారి సంవత్సరీకం దగ్గర పడుతుండగా ఆమె కొడుకును ఒక్క కోరిక కోరింది. ఆయన పడ్డ జాగా తనకు చూపించమని.

నేనూ సుజాతా రాజమండ్రి నుంచి కొన్ని రోజులు ముందుగానే చేరాం. మేం వెళ్లేసరికి నవీన్ వాళ్లమ్మను గోడకు ఆనించి నిలబెట్టి, నేల నుంచి తుంటి దాకా కుట్టు దారంతో కొలుస్తున్నాడు. కారు సీటు ఆ ఎత్తుకు వస్తే ఆమె ఎవరి సాయం లేకుండా కూర్చోగలదు, గడప దాటించినట్టు కాలు లోపల పెట్టుకోగలదు. కొలత దగ్గర దారానికి ముడి వేశాడు. పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటావిడ అది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నిలబడ్డ మనిషిని దారంతో కొలవరని ఆమె భయం. అక్క మాత్రం నవ్వింది.

"కొలువనియ్ వదినె. ఎప్పటికైనా కొలిచేదే గద."

దారం చుట్టి నవీన్ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాకొక పని అప్పజెప్పాడు. ముందు అమ్మ లేకుండా ఒక విడత తిరిగి చూడాలట. "నీ నడుము గూడ బాగలేదంట గద మామయ్యా. అమ్మ సీట్ల నువ్వు కూసో. నీకు నొయ్యకుంటే అమ్మకు నొయ్యది." ముప్పై ఏళ్ల పత్రికా ఉద్యోగం మిగిల్చిన నడుం నొప్పి ఇలా ఒకరికి అక్కరకొస్తుందని నేననుకోలేదు.

బయలుదేరే ముందు అక్క జొన్న రొట్టెలు, పచ్చిపులుసు పెట్టింది. పొయ్యి మీద పెట్టకుండానే పులుసు తాగుతారంటే మా గోదావరి వైపు నమ్మరు. చల్లగా, పుల్లగా, ఉల్లిపాయ పంటి కింద నలుగుతూ ఉంటే, కాచడం ఎందుకు మొదలుపెట్టామా అనిపించింది.

కోదాడ: మెత్తనిదా, గట్టిదా

కోదాడ చేరేసరికి మాట మారడం మొదలవుతుంది. హోటల్లో పచ్చిపులుసు అడిగితే రసం తెచ్చి, "రెండూ ఒకటేనండీ" అన్నారు. ఒకటి కాదని వాదించే ఓపిక ఆ ఊరికి ఉన్నట్టు లేదు. రెండు వైపుల వాళ్లకూ సమాధానం చెప్పుకొని బతికే ఊరు.

బాజీ షాపు బైపాసు పక్కన ఉంది. మనిషి పొడగరి, మాటకారి, మీసాలకు రంగు. కారును కిందికి దించమని వచ్చేవాళ్లంతా పెళ్లికాని కుర్రాళ్లేనట. అమ్మ కోసం దించమన్నవాణ్ని మొదటిసారి చూస్తున్నానని అప్పుడే షాపులో అందరికీ వినిపించేలా చెప్పాడు. నవీన్ జేబులోంచి దారం తీసి సీటు పక్కన వేలాడదీసేసరికి మాత్రం ఆయన నోరు ఆగింది.

"మనిషి కొలతా అది?"

అవునన్నాడు నవీన్.

"మా వాళ్లలో మనిషిని ఇట్టా కొలిచేది ఒక్క పనికేనండీ. గుంత తవ్వటానికి." చేతులు వెనక్కి కట్టుకొని, "సరే, పట్టుకోండి, నేను ముట్టుకోను" అన్నాడు. ముడికీ సీటుకూ మధ్య రెండు వేళ్ల తేడా వచ్చింది. అంత దిగితే చాలు.

అక్కడ నేను నేర్చుకున్నది ఇది. కారు బరువును మోసేవి చక్రాల దగ్గరుండే స్ప్రింగులు. పొట్టి స్ప్రింగు వేస్తే కారు దిగుతుంది. దిగాక ఊగడానికి జాగా తగ్గుతుంది. అందుకని పొట్టి స్ప్రింగును గట్టిగా తయారు చేస్తారు. గట్టిదైతే రోడ్డు మీది ప్రతి రాయీ కూర్చున్న మనిషి వెన్నులోకి వస్తుంది. మెత్తదైతే గుంతలో కారు పొట్ట నేలకు తగులుతుంది. కొందరు ఉన్న స్ప్రింగునే మిషను పెట్టి కోసేస్తారట. ఆ మాట ఎత్తితేనే బాజీ చెయ్యి అడ్డంగా ఊపాడు. కోసిన స్ప్రింగు తన చోట సరిగా కూర్చోదు, గుంతలో పడి లేచినప్పుడు జారిద్ది అన్నాడు.

ముందు గట్టివి బిగించాడు. వెనక ఎడమవైపు సీట్లో, అంటే అక్క కూర్చునే చోట, నేను కూర్చున్నాను. బైపాసు మీద బాగానే ఉంది. ఊళ్లోకి తిరిగాక సిమెంటు రోడ్డు అతుకులు ఒక్కొక్కటీ నా నడుములో దిగాయి. బస్టాండు దాటేసరికి పళ్లు బిగించి కూర్చున్నాను. అద్దంలో నవీన్ నా ముఖం చూశాడు. కారు వెనక్కి తిప్పాడు.

రెండో రకం వేరు. పై చుట్లు దగ్గరదగ్గరగా, కింది చుట్లు ఎడంగా ఉన్నాయి. దగ్గరి చుట్లు ముందు లొంగి చిన్న కుదుపులను మింగుతాయి, ఎడంవి బరువు పడ్డప్పుడు కాస్తాయి. మళ్లీ అదే సిమెంటు రోడ్డు మీద తిరిగాం. ఈసారి అతుకులు తెలిశాయి గానీ నొప్పి పెట్టలేదు.

బాజీ ఒక హెచ్చరిక చేశాడు. ఎత్తయిన బ్రేకరు వస్తే ఈ రకం తగులుతుంది, నలుగురు ఎక్కితే తప్పకుండా తగులుతుంది. పొట్ట కింద బలమైన దెబ్బ తగిలితే అది కూడా వెన్నులోకే పోతుంది. అలాంటి చోట మనుషులు దిగి నడిచి దాటాలి, ఖాళీ కారును దాటించుకోవాలి.

"దిగలేని మనిషి ఉంటే?" అన్నాడు నవీన్.

బాజీ చేతిలో స్పానరు పక్కన పెట్టాడు. ఆ మధ్య శవాలు మోసే బండి ఓనరు ఒకాయన మెత్తని స్ప్రింగుల కోసం వచ్చాడని చెప్పాడు. శవానికి కుదుపులేంటండీ అని ఈయన నవ్వాడట. శవానికి కాదు, దాని చెయ్యి పట్టుకొని వెనక కూర్చుంటారు చూడు, వాళ్లకి అన్నాడట ఆయన. "ఆ రోజు నుంచి మెత్తదనం అడిగినోళ్లని ఎందుకని అడగటం మానేశానండీ."

హుజూర్‌నగర్: మూడో గ్లాసు

ఆ రాత్రి కోదాడలోనే ఉండి, పొద్దున మిర్యాలగూడ వైపు కదిలాం. సాగర్ కాలువ నీళ్లు పారే నేల. ఎటు చూసినా కోసిన మళ్లు, వాటి మీద పల్చని పొగమంచు. హుజూర్‌నగర్ శివార్లలో టీ కోసం ఆగాం. నేను వెనక సీట్లోంచి, నవీన్ ముందు సీట్లోంచి దిగి బల్ల మీద కూర్చున్నాం. టీ కొట్టాయన ట్రేలో మూడు గ్లాసులు తెచ్చాడు.

ఇద్దరమే అన్నాం. ఆయన కారు వైపు చూశాడు. మళ్లీ మా వైపు చూశాడు. "బండి దిగిపోయి వచ్చింది సార్. వెనుక ఇంకొకాయన పండుకున్నడు అనుకున్న."

దారి పక్కన కొట్లు నడిపేవాళ్ల లెక్క అదట. చక్రానికీ పైరేకుకూ మధ్య సందు చూసి, కారు ఆగకముందే ఎన్ని టీలో పోస్తారు. స్ప్రింగులు మార్పించామని చెప్పాం. విన్నాడు గానీ మూడో గ్లాసు వెనక్కి తీసుకోలేదు. పోసింది వెనక్కి పొయ్యను, పైసలియ్యకుండ్రి అన్నాడు. అది బల్ల చివర అలాగే ఉంది. మేం తాగి లేచేసరికి దాని మీద మీగడ కట్టింది.

మిర్యాలగూడకు దారి ఎలా ఉందని అడిగాను. నేను ఊళ్ల పేర్లు చెబుతాడనుకున్నాను. ఆయన మనుషుల పేర్లు చెప్పాడు. యాదమ్మ బ్రేకర్ దాటినంక గుంతలు, అక్కాచెల్లెళ్ల బ్రేకర్ కాడ స్కూలు పిల్లలుంటరు జర పైలం, ఇగ గొడుగు సారు బ్రేకర్ మాత్రం మీ బండికి తగులుతది.

గొడుగు సారు అన్న మాట దగ్గర నవీన్ తాళం చెవి చేతిలోంచి జారి కింద పడింది. ఒంగి తీసుకొని, దులిపి జేబులో వేసుకున్నాడు. ఎవరు వీళ్లంతా అని నేనే అడిగాను.

"ఈ తొవ్వల బ్రేకర్లు సర్కారు ఎయ్యలే సార్. సచ్చిపోయినోళ్లే ఏపిచ్చుకున్నరు."

మా గోదావరి వైపు ప్రమాదం జరిగిన చోట నిమ్మకాయలు కోసి పడేస్తారు, కొబ్బరికాయ కొడతారు, మర్నాటికి మరిచిపోతారు. ఇక్కడ మనిషి పోయిన చోట ఊరివాళ్లే రోడ్డుకు అడ్డంగా సిమెంటు కట్ట పోసి, పోయినవాళ్ల పేరుతో పిలుస్తారు. బస్సు కండక్టర్లు కూడా ఆ పేర్లతోనే దింపుతారట.

నేరేడుచర్ల దాటాక

దారిలో సగం వడ్లదే. తారు రోడ్డు మీద ఒక పక్కంతా ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. వచ్చే బండీ పోయే బండీ మిగిలిన సగంలోనే సర్దుకోవాలి. ఎండ తెల్లగా ఉంది. రోడ్డు మీద మనుషులు లేరు. అక్కడక్కడా వడ్ల మధ్య చెక్క పారలు పడున్నాయి, వాటిని వదిలి అప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు.

యాదమ్మ వచ్చింది. నవీన్ వేగం తగ్గించాడు. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి, వెనకవి ఎక్కాయి, దిగాయి. ఏమీ కాలేదు. అక్కాచెల్లెళ్లవి రెండు కట్టలు, పక్కపక్కనే, ఒకటి కాస్త పొట్టిది. వాటినీ దాటాం. పేరు తెలిశాక కట్టను కట్టలా దాటడం కష్టం. ప్రతి చోటా నేను తెలియకుండానే కాళ్లు కొంచెం పైకి ఎత్తి పట్టుకుంటున్నానని కాసేపటికి గమనించాను.

గొడుగు సారు బ్రేకర్ మిగతావాటి కంటే ఎత్తు. మేమిద్దరమే ఉన్నాం, సామాను లేదు, వేగం లేదు. అయినా ముందు చక్రాలు దిగీ దిగగానే కింద నుంచి చప్పుడు వచ్చింది. రాయి గీసినట్టు కాదు, గరిటెతో గిన్నె అడుగు గీకినట్టు, నిదానంగా, నా పాదాల కింద ముందు నుంచి వెనక్కి. దెబ్బ నా వెన్నుకు తెలిసింది.

పక్కన మిర్చి బజ్జీల బండి దగ్గరున్న ఒకామె ఆ చప్పుడుకు లేచి నిలబడింది. నవీన్ కారు పక్కకు ఆపాడు. దిగి, ఆమె వైపు కాకుండా బండికి కట్టిన నీడ వైపు చూస్తూ నిలబడిపోయాడు. గుంజకు తాడుతో కట్టిన నల్ల గొడుగు అది. పిడికి సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది. ఎండకు గుడ్డ గోధుమ రంగు తిరిగింది.

ఆమె పేరు మంగమ్మ. తగిలిన ప్రతి బండినీ ఆపి కూర్చోబెట్టి నీళ్లిస్తుందట. వేడి మిర్చీలు కాగితంలో పెట్టి, పల్లీ చట్నీ పోసి ఇచ్చింది. మేమడగకుండానే గొడుగు సారు సంగతి చెప్పింది. ఎవరో తెలియదు. లారీ కొట్టాక తానే పరుగెత్తి తల ఒడిలో పెట్టుకుంది. నీళ్లు తాగాడు. పేరు అడిగేలోపే పోయాడు. పోలీసులు ఎవరెవరికో ఫోన్లు చేసి తీసుకుపోయారు, గొడుగు మడిలో పడి ఉంటే తర్వాత కనబడింది. పేరు తెలియదు కనుక ఊరంతా గొడుగు సారు అన్నారు. కట్ట పోశారు. ఏటా ఆయన పోయిన నాడు మంగమ్మ ఒక గంపెడు సిమెంటు మాలు తెచ్చి దాని మీద మెత్తుతుంది. అందుకే ఆ ఎత్తు.

ఏటా ఎందుకమ్మా అన్నాను. ఆమె నూనెలో గరిటె తిప్పుతూ రోడ్డు మీది వడ్ల వైపు చూసింది. ఇంకో వాయి మిర్చీలు వేసింది.

నవీన్ తన పొట్లం విప్పలేదు. ఆయన కొడుకునని చెప్పలేదు. నాకు చెప్పే హక్కు లేదు. కారు ఎక్కుతుంటే ఆమె నా చేతిలో ఇంకో పొట్లం పెట్టింది. "లోపలున్నాయనకు" అన్నది.

లోపల ఎవరూ లేరని నేను ఆమెకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ సరిగా తెలియదు.

మిర్యాలగూడ: బూడిద

మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరు. ఊళ్లోకి రాకముందే ఉడికిన వడ్ల వాసన ఎదురొస్తుంది. మిల్లు బాయిలర్లలో ఊక కాలుస్తారు, ఆ బూడిద ఊరంతా రాలుతుంది. లాడ్జి ముందు కారు ఆపి అన్నం తినొచ్చేసరికి అద్దాల మీద సన్నని పొర పేరుకుంది. లాడ్జి మేనేజరు రోజూ తుడవడం మానుకున్నానని చెప్పాడు. ఎటూ మళ్లీ పడేదే, కండ్లల్ల పడకుంటే సాలు అని ఆయన మాట.

సాయంత్రం నవీన్ నన్ను కారులో బయటికి తీసుకెళ్లాడు. కార్లు కడిగే చోట ర్యాంపు ఎక్కించి పొట్ట చూశాడు. పొడుగునా ఒక్క గీత, చాక్‌పీసుతో గీసినట్టు తిన్నగా. దాని కింద నిలబడే చెప్పాడు. సూర్యాపేట బడిలో పిల్లలు వాళ్ల నాన్నను చాటుగా పిలిచే పేరు గొడుగు సారు. ఇంట్లో అందరికీ తెలుసు. బావకీ తెలుసు, లోపల్లోపల మురిసేవాడు కూడా.

"ఈ ఊరోళ్లకు ఎవరు చెప్పిన్రు మామయ్యా ఆ పేరు?"

గొడుగు పట్టుకున్న సారును ఎవరైనా అదే అంటారని అన్నాను. సబబైన మాటే. కానీ ఆ వేళ ర్యాంపు కింద నాకే అంత సబబుగా వినిపించలేదు.

ఇక తేల్చుకోవాల్సింది ఒక్కటే. మెత్తని స్ప్రింగులతో దారంతా అక్కకు హాయి, కానీ సరిగ్గా ఆ ఒక్కచోట తగులుతుంది. గట్టివాటితో అక్కడ తగలదు, కానీ దారి పొడుగునా నొప్పి. ఆమె వెన్ను రెండింటిలో దేన్ని ఓర్చుకుంటుందో ఎవరికీ తెలియదు. నవీన్ బాజీకి ఫోన్ చేశాడు. రెండూ ఇచ్చే స్ప్రింగు ఇంకా పుట్టలేదండీ, మీ అమ్మగారి వెన్ను మీరు చూసుకోండి అన్నాడాయన.

నవీన్ మెత్తవే ఉంచాడు. ఆ బ్రేకరు దగ్గర నేనూ సుజాతా దిగి నడవాలని, కారులో తనూ అమ్మా మాత్రమే ఉండాలని అనుకున్నాం. ఇద్దరే ఉన్నప్పుడు కూడా తగిలిందన్న సంగతి మేమిద్దరం పైకి అనుకోలేదు.

మళ్లీ ఆ బ్రేకరు దగ్గరికి

సంవత్సరీకం నాడు పూజ ముగిశాక అక్క బయటికి వచ్చింది. కారు తలుపు తెరిచి నవీన్ దూరంగా నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి, సీటు అంచును చేత్తో తడిమి, కూర్చుంది. ముడి దగ్గరికి సరిగ్గా వచ్చింది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు తానే లోపలికి తీసుకుంది. ఆ సమయంలో ఆమె కుడిచెయ్యి కారు టాపు మీద కాసేపు ఆగింది, అక్కడ ఏదో ఉందేమోనని చూసినట్టు.

దారంతా ఒక్క మూలుగు వినిపించలేదు. ఎలా ఉందని సుజాత అడిగినప్పుడల్లా, "మంచిగున్నది, మాట్లాడకుండ్రి, తొవ్వ సూడనియ్యుండ్రి" అన్నది.

బ్రేకరుకు కొంచెం ఇవతలే, బజ్జీల బండి ముందు కారు ఆపాడు నవీన్. మంగమ్మ దగ్గర ఆ రోజు గంపలో తడి మాలు సిద్ధంగా ఉంది. నవీన్ ఆమె దగ్గరికి వెళ్లి, గొడుగు మా నాయనది, కార్ల ఉన్నది మా అమ్మ అని చెప్పాడు. మంగమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. కిటికీ అంచు పట్టుకొని అక్కను చూసింది. తర్వాత అడిగింది.

"పేరు ఏందమ్మా సారుది? పేరు తెల్వకనే నాలుగేండ్లు పిలిచినం."

అక్క జన్మలో భర్త పేరు పలకలేదు. "మీరు పెట్టిన పేరే ఉండనియ్యుండ్రి. ఆయన పేరు అదే" అన్నది.

మంగమ్మ గుంజకున్న గొడుగు విప్పి ఇవ్వబోతే అక్క వద్దంది, ఎండల కూసుంటవా అన్నది. ఆ తర్వాత ఆమె మెల్లగా, మనిషి మొత్తం తిరిగి, రోడ్డు వైపు చూసింది. సగం రోడ్డు మీద వడ్లు. అంచున రాళ్లు. మిగిలిన సగంలో ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. మంగమ్మ ఆమె చూపు ఎటు పోయిందో చూసింది.

"ఆ దినం గూడ పోసుకున్నం అమ్మా. మావే వడ్లు. పక్కకు జాగా లేకనే సారు నడుమల నడిసిండు."

నాతో చెప్పని జవాబు అదే. ఏటేటా గంపెడు మాలు అందుకే. నవీన్ తల తిప్పుకున్నాడు. సుజాత నా చెయ్యి పట్టుకుంది. అక్క వడ్ల వైపే చూస్తోంది.

"ఈసారి ఎట్లున్నయి వడ్లు?" అన్నది.

మంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిమ్ము ఎక్కువున్నదంటున్నరు. కొంటలేరు."

"అయితే ఆరబోయాలె గద. మనిషి నడిసేటంత జాగా ఇడిసిపెట్టి పోసుకోండ్రి." గంప వైపు చూసి, "దానికి ఇగ ఎత్తు పెంచకుండ్రి బిడ్డా. నా అసొంటోళ్లు ఎక్కలేరు" అన్నది.

మంగమ్మ గంప ఎత్తుకొని పోయి కాలువ గట్టు మీద పెట్టింది.

నవీన్ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాక, అనుకున్న ప్రకారం నేను దిగబోయాను. సుజాత కూడా తలుపు తీసింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"కూసోండ్రి తమ్మీ. ఆయన మీదికెంచి పోంగ దిగి ఉరుకుడేంది? దిగితే నేను గూడ దిగాలె. నేను దిగలేను."

నవీన్ అద్దంలో నన్ను చూశాడు. నేను తలుపు వేశాను. అతను కారును వీలైనంత నిదానంగా, కొంచెం ఏటవాలుగా తిప్పి పట్టాడు. ముందు చక్రం ఒకటి ఎక్కింది, తర్వాత రెండోది. కారు ముక్కు పైకి లేచింది. నలుగురి బరువు. సుజాత కళ్లు మూసుకుంది. నేను కాళ్లు ఎత్తి పట్టుకున్నాను. ముందు చక్రాలు దిగాయి. అప్పుడే రావాలి చప్పుడు.

రాలేదు. వెనక చక్రాలు ఎక్కాయి. దిగాయి. కారు కింద ఏమీ తగల్లేదు, ఒక గడ్డిపోచ కూడా.

సూర్యాపేటకు తిరిగి వచ్చాక నవీన్ మళ్లీ ర్యాంపు ఎక్కించి చూశాడు. ముందటి గీత ఒక్కటే ఉంది. ఏటవాలుగా పట్టి, మెల్లగా పోవడం వల్ల అయి ఉంటుందనీ, వడ్ల లారీలు తొక్కి కట్ట అరిగి ఉంటుందనీ ఫోన్లో బాజీ అన్నాడు. అయి ఉండొచ్చు. నేను పత్రికలో ఉన్న రోజుల్లో అయితే అదే రాసి, కింద మిగిలిన జాగాలో ప్రకటన వేసేవాళ్లం.

కానీ అదంతా తర్వాతి మాట. అప్పుడు, ఆ బ్రేకరు అవతల, నవీన్ బ్రేకు మీద కాలు పెట్టి కదలకుండా కూర్చున్నాడు. వెనక అద్దంలో మంగమ్మ రోడ్డు మధ్యకు వచ్చి కట్ట వైపు చూస్తోంది.  అక్క తన పాదాల వైపు చూసుకోవాలనుకుంది, మెడ వంగలేదు. నిటారుగా, ముందుకే చూస్తూ, మాతో కాకుండా మామూలుగా అన్నది.

"ఒంగిండు."